బందీ రాకుమారులు – 9: పెళ్లిసుంకం తీసేసిన వీరభద్రుడు

కిందటి భాగంలో కొరియా యువరాజు సోహ్యోన్‌ను షెన్యాంగ్ నుంచి ఇల్లు చేర్చి ఆపాం. 1637లో తండ్రి ఇంజో రాజు మంచూల ముందు మోకరిల్లాడు. ఆ లొంగుబాటుకు పూచీగా యువరాజు, ఆయన భార్య కాంగ్, తమ్ముడు బోంగ్‌నిమ్ శత్రు రాజధానికి తరలిపోయారు. ఎనిమిదేళ్లు అక్కడే కాపురం. కాంగ్ పరాయిగడ్డ మీద పొలాలు సాగు చేయించింది, వ్యాపారం నడిపించింది, వచ్చిన డబ్బుతో బానిసలైన తన దేశపు మనుషుల్ని విడిపించింది. 1645లో తిరిగొచ్చిన కొడుకుని తండ్రి నమ్మలేకపోయాడు. రెండు నెలలకే కొడుకు పోయాడు. మరుసటి ఏడు కోడలికి విషమిచ్చి చంపించాడు. ముగ్గురు మనవళ్లను జెజు దీవికి తోలితే ఇద్దరు అక్కడే కన్నుమూశారు.

ఆ భాగం అచ్చయిన వారానికి మా వరికుంటపాడు బస్టాండు దగ్గర టీ అంగట్లో ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. పత్రిక మడత పెట్టి చంకలో ఉంది. "నాయనా, చదివా. కోడలి సంగతి చదివినాక అన్నం సయించలా. అంత దూరం పోయి చెప్తుండావే, మన ఉదయగిరి కొండ మీద జరిగింది ఎప్పుడు రాస్తావు?" అన్నాడు. "రాస్తాను పెదనాయనా, వచ్చే భాగం అదే" అన్నాను. మాట ఇచ్చాక నిద్ర పట్టలేదు. రాయాల్సిన మనిషి కథ మా కొండ మీద మొదలై, కొండవీట్లో మలుపు తిరిగి, తుంగభద్ర ఒడ్డు సీమలో ముగుస్తుంది. ఆ మనిషి తనంతట తాను చెప్పుకున్న మాటగా మనకు మిగిలింది ఒక్క రాతిశాసనం.

ఆయన పేరు వీరభద్ర గజపతి. ఒడిశా ఏలిన ప్రతాపరుద్ర గజపతి కొడుకు.

ఉదయగిరి సంగతి ముందు చెప్పాలి. మన మెట్టసీమ వాళ్లకు ఆ కొండ కొత్త కాదు. మూడువేల అడుగులకు పైగా ఎత్తు, చుట్టూ నిలువు చరియలు, కొండమీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవని పాతకాలపు జిల్లా గ్రంథాలు లెక్క చెప్పాయి. కానీ ఇది రాకుమారుల కొండ అన్న సంగతి మనం మర్చిపోయాం. విజయనగరం పుట్టిన తొలినాళ్ల నుంచి రాజుగారి తమ్ముడినో కొడుకునో ఏలుబడికి ఇక్కడికే పంపేవాళ్లు. హరిహరుడి తమ్ముడు కంపన ఇక్కడివాడే. ఆయన కొడుకు రెండో సంగముడి బిట్రగుంట శాసనం 1356 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ కొండమీద కూర్చునే, కొండలకు అవతల కడప వైపున పోరుమామిళ్ల చెరువు తవ్వించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనంలో కూలీల లెక్క కూడా ఉంది: రోజూ వెయ్యిమంది, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. తర్వాత దేవరాయలు, ఆయన కొడుకు రామచంద్రుడు ఇక్కడి పాలన చూశారు. విజయనగర సింహాసనానికి ఉదయగిరి ఒక మెట్టులాంటిది.

అలాంటి కొండ గజపతుల చేతికి పోయింది. 1434 ప్రాంతంలో కటకంలో సింహాసనమెక్కిన కపిలేంద్రుడు రాజమహేంద్రవరం, కొండవీడు, ఉదయగిరి ఒకదాని వెంట ఒకటి పట్టి, 1464 నాటికి అరవదేశం లోపలి దాకా దండు నడిపించాడు. ఆ దండుకు ముందు నడిచినవాడు పెద్దకొడుకు హంవీరుడు. గెలిచిన ఊళ్లన్నీ అతని కత్తితో గెలిచినవే. తండ్రి మాత్రం పట్టం పురుషోత్తముడికి కట్టాడు. అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నారు. హంవీరుడు బహమనీ సుల్తాను అండ కోరాడు. ఆ సందులో చంద్రగిరి సాళువ నరసింహుడు ఉదయగిరిని లాక్కున్నాడు. రెండు దశాబ్దాల తర్వాత పురుషోత్తముడు మళ్లీ వచ్చాడు. ఈసారి సాళువ నరసింహుడే పట్టుబడ్డాడు. అప్పటికి ఆయన విజయనగర చక్రవర్తి. తన్ను తాను విడిపించుకోవడానికి ఆయన ఇచ్చిన మూల్యం ఉదయగిరి కోట.

మా కొండ ఒక రాజుకు విడుదల వెల అయింది. 1491లో నరసింహుడు పోతూ రాయచూరు, ఉదయగిరి, కొండవీడు మూడూ తిరిగి పట్టాలని చెప్పి పోయాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇరవై రెండేళ్ల తర్వాత కృష్ణదేవరాయలు దండు కదిలించింది ఆ మాట తీర్చడానికే అని నూనిజ్ లెక్క.

గజపతుల కాలాన్ని మనవాళ్లు పరాయి ఏలుబడిగా తలుస్తారు. అది సరికాదు. పేరుకు కటకం రాజులైనా ఉదయగిరిలో పాలన నడిపింది తెలుగు దొరలే. ఉదయగిరి బసవరాజుకు దూబగుంట నారాయణకవి పంచతంత్రం అంకితమిచ్చాడు. బసవరాజు మంత్రి చందలూరి గంగయకు దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానం ఇచ్చాడు. ఇక్కడి కవులు, మంత్రులు, లెక్కలు రాసే కరణాలు తెలుగులోనే బతికారు. వీరభద్రుడి బిరుదుల్లో గౌడేశ్వరుడు, కర్ణాట కలుబరిగేశ్వరుడు అన్న మాటలు మోగుతాయి గానీ, ఆయన ఏలుబడికి వచ్చిన కొండవీటిలో సంతలో వినబడిన భాష మనదే.

1513లో ఉదయగిరి ముట్టడి మొదలైంది. ఫిబ్రవరిలో రాయలు రాణులతో తిరుమల వెళ్లాడు, ఆ ఏడే ఇంకా రెండుసార్లు వెళ్లాడు. యుద్ధం ఎంత బరువుగా తోచిందో ఆ మొక్కులే చెప్తాయి. నూనిజ్ లెక్కలో రాయలవి ముప్పై నాలుగు వేల కాల్బలం, ఎనిమిది వందల ఏనుగులు. కోటలో ఉన్నది పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు. అంత తేడా ఉన్నా ఏడాదిన్నర పట్టిందంటాడు. కొండకే సగం బలగముంది. ఏనుగుతో గుద్దించడానికి అక్కడ గోడ లేదు, చరియ ఉంది.

రాయలు చేయించిన పని బాటలు వేయడం. గుండ్లు పగలగొట్టి, రాళ్ల కొండల మీదుగా దారులు తీసి, బురుజుల దాకా దండును చేర్చాడు. ఈ వాక్యం నూనిజ్‌లో ఒకటిన్నర వరుస. కొండెక్కిన వాళ్లకు ఆ వరుస ఎంత పొడుగో తెలుస్తుంది. మొన్న చలికాలం నేనెక్కాను. ఉదయం ఏడింటికి బయల్దేరితే సగం దూరం పోయేసరికే చొక్కా తడిసిపోయింది. పక్కన గుండు మీద చెయ్యి పెట్టాను. నిలువెత్తు గుండు, అంచు నున్నగా లేదు, గరుకు. ఎండకు అప్పుడే వేడెక్కింది. దీన్ని పగలగొట్టాలంటే సమ్మెట, ఉలి, మంటపెట్టి నీళ్లు చల్లడం తప్ప ఆనాడు వేరే ఉపాయం లేదు. ఒడ్డెరల పని అది. రాయల పేరు శాసనాల్లో ఉంది, కోటను కాచినవాడి పేరు ఉంది. రాయి కొట్టినవాళ్ల పేరు ఎక్కడా లేదు.

1514 జూన్‌లో కోట పడింది. లోపల దొరికినవాడు తిరుమల రౌతరాయుడు, గజపతి ఇంటివాడు. నూనిజ్ మాత్రం ఒడిశా రాజు మేనత్తో పినతల్లో ఒక పెద్దావిడ పట్టుబడిందనీ, రాయలు ఆమెను మర్యాదగా చూశాడనీ రాశాడు. రాయలు జులై 6న మళ్లీ తిరుమల చేరి స్వామికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. ఉదయగిరిని కనిపెట్టుకోవడానికి రాయసం కొండమరుసయ్యను పెట్టాడు.

మనిషితో పాటు దేవుడూ తరలిపోయాడు. ఉదయగిరి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి, కొత్త గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. హంపిలో కృష్ణాలయం అదే. దాని గోపురం మీద సున్నపు బొమ్మల్లో డాళ్లు పట్టిన సైనికులు, గుర్రాలు కనిపిస్తాయి. అది మన ఉదయగిరి యుద్ధమే అంటారు. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు హంపిలోనూ లేడు, చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరి నుంచి హంపికి, హంపి నుంచి మద్రాసుకు. మా వాళ్లెవరైనా చెన్నై ఆసుపత్రి పని మీద పోతే, ఎగ్మూరులో దిగి ఒకసారి చూసి రండని చెప్తుంటాను. మన ఊరి పిల్లవాడిని చూసినట్టుంటుంది.

ఉదయగిరి పడ్డాక ఉత్తరానికి దారి తెరుచుకుంది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం వరసగా పడ్డాయి. ఇక మిగిలింది కొండవీడు. అక్కడ ఉన్నాడు వీరభద్రుడు.

1515 జూన్ 23, శనివారం. కొండవీడు లొంగింది. శాసనాల్లో పట్టుబడినవాళ్ల జాబితా చూస్తే ఒక రాజ్యం నిలబడి లెక్క ఇస్తున్నట్టుంటుంది. ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు, కుమార హంవీరుడి కొడుకు నరహరిదేవుడు, రాచూరి మల్లుఖాను, ఉద్దండఖాను, పూసపాటి రాచిరాజు, శ్రీనాథరాజు, లక్ష్మీపతిరాజు, జన్యాల కసవాపాత్రుడు, పశ్చిమ బాలచంద్ర మహాపాత్రుడు. ఒడియా పాత్రులు, తెలుగు రాజులు, ముసల్మాను ఖానులు అందరూ ఒకే గోడ వెనక నిలబడి పోరాడారు. ఈ జాబితా చదివాక ఇది ఒక మతానికీ మరో మతానికీ, ఒక భాషకూ మరో భాషకూ మధ్య యుద్ధమని ఎవరన్నా నేనొప్పుకోను.

రాయలు వీళ్లను ప్రాణాలతో పట్టుకుని అభయమిచ్చాడని శాసనం. అభయం అన్న మాట చిన్నదేం కాదు. ఆ కాలంలో ఓడిన రాకుమారుడి కళ్లు తీయించిన వాళ్లున్నారు, తల తీయించిన వాళ్లున్నారు. మరుసటి నెల అమరావతిలో రాయలు తులాపురుష దానం చేశాడు. అక్కణ్ణుంచి దండు కృష్ణ దాటింది. కొండపల్లిలో ప్రహరరాజు శిరశ్చంద్ర మహాపాత్రుడు, బోడజన మహాపాత్రుడు, బిజిలీఖాను దొరికారు. గజపతి రాణి కూడా అక్కడే పట్టుబడిందని నూనిజ్ అంటాడు. 1516 వసంతానికి రాయలు సింహాచలం అప్పన్న ముందు నిలబడి ముత్యాల హారం సమర్పిస్తున్నాడు.

ఇక వీరభద్రుడి సంగతి. జనానికి తెలిసిన కథ నూనిజ్ చెప్పింది. రాకుమారుడు కత్తి, బాకు తిప్పడంలో మేటి అని రాయలు విన్నాడు. పిలిపించి, నీ విద్య చూపించమన్నాడు. మర్నాడు సభలో ఎదురుగా నిలబెట్టింది రాజవంశానికి చెందని ఒక సామాన్య ఖడ్గవీరుణ్ణి. రాజు రక్తం లేనివాణ్ణి తాకి చెయ్యి మైల పరుచుకోలేనని రాకుమారుడు అరిచి, అక్కడికక్కడే తన ప్రాణం తీసుకున్నాడు. కొడుకు కబురు కటకం చేరాక తండ్రి రాయల మంత్రి సాళువ తిమ్మరుసుకు లేఖ రాశాడు: నా భార్య మీ చేతిలో ఉంది, ఎలా విడిపించుకోవాలి? కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చెయ్యమన్నది జవాబు.

ఈ కథను నాటకాల్లో, నవలల్లో, బడి పాఠాల్లో మనం ఎన్నోసార్లు విన్నాం. విన్న ప్రతిసారీ వీరభద్రుడు నాలుగు నిమిషాలు కనిపించి చచ్చిపోతాడు. రాయల గొప్పను పెంచడానికో, గజపతి పౌరుషాన్ని చూపించడానికో ఒక శవం కావాలి, అతను ఆ శవం అవుతాడు. చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పినప్పుడు ఆ కత్తిసాము ఘట్టం దగ్గర గొంతు కొంచెం పెంచేవాణ్ణి కూడా.

తర్వాత దావణగెరె వైపు దొరికిన ఒక శాసనం గురించి చదివాను. 1516 నాటిది. కొండవీడు పడ్డ ఏడాదికి వేయించినది. వేయించినవాడు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. రాయలు ఆయనకు మలెబెన్నూరు సీమను నాయంకరంగా ఇచ్చాడు. నాయంకరమంటే ఆ సీమ రాబడి అనుభవించి, దానికి బదులు దండును పోషించి, రాయలకు కట్టాల్సింది కట్టడం. బందీ అమరనాయకుడయ్యాడు. గోడల మధ్య పెట్టకుండా, సొంత మనుషులకు దూరంగా, సొంత భాషకు దూరంగా, కన్నడసీమలో ఒక పెత్తనమిచ్చి కూర్చోబెట్టాడు. అది దయో రాజనీతో నన్నడిగితే రెండూ అంటాను. కటకానికి అంత దూరంలో, తుంగభద్ర పక్కన ఉన్నవాడు తిరగబడాలన్నా ఎవరితో తిరగబడతాడు?

నూనిజ్ రాసింది 1535 ప్రాంతంలో, ఇరవై ఏళ్ల తర్వాత, విన్న మాటల మీద. గుర్రాల వ్యాపారానికి వచ్చినవాడు గుర్రపుశాలల దగ్గర చాలా కథలు విని ఉంటాడు. రాయి ఆ ఏడే చెక్కింది, ఆ మనిషి పేరునే చెక్కింది. నేను రాతినే నమ్ముతాను. వీరభద్రుడు పట్టుబడ్డ వెంటనే సభలో చచ్చిపోలేదు. ఒక సీమకు దొర అయ్యాడు. ఒక ఉత్తరువు ఇచ్చాడు.

ఆ ఉత్తరువు దగ్గర కాసేపు ఆగాలి. తన సీమలో పెళ్లిసుంకం తీసేస్తున్నానన్నాడు. ఆనాడు పెళ్లి చేస్తే పన్ను కట్టాలి. పిల్లవాడి ఇంటివాళ్లు కట్టాలి, పిల్ల ఇంటివాళ్లు కట్టాలి. పందిరి వేశారంటే సుంకరి గుమ్మంలో ఉంటాడు. అసలే బియ్యం, బట్ట, పసుపు, అరువు తెచ్చుకున్న నగ, ఆపైన ఇది. పేదింట్లో ఆడపిల్ల పెళ్లి ఏడాది వాయిదా పడడానికి ఒక్క పన్ను చాలు. రాయల రాజ్యంలో అక్కడక్కడా ఈ సుంకం ఎత్తేసిన శాసనాలు దొరుకుతాయి, కాబట్టి వీరభద్రుడు ఎవరూ చెయ్యని పని చేశాడని చెప్పను. ఎవరి పుణ్యం కోసం చేశాడన్నదే నన్ను పట్టి నిలిపింది.

ఇద్దరి పుణ్యం కోసం. తండ్రి ప్రతాపరుద్రుడికి పుణ్యం రావాలని, కృష్ణదేవరాయలకు పుణ్యం రావాలని. ఆ రాయి చెక్కేనాటికి యుద్ధం ఆగలేదు. రాయల దండు ఇంకా కళింగం లోపల ఉంది. తండ్రి ఒకవైపు, బువ్వ పెడుతున్నవాడు మరోవైపు, మధ్యలో ఇతను. ఒకరి పేరు చెక్కించి రెండోవారి పేరు వదిలెయ్యడం సులువు. రాయల పేరొక్కటే వేయిస్తే ఎవరూ తప్పు పట్టరు. తండ్రి పేరు వేయించడానికి ధైర్యం కావాలి, అది చెక్కనివ్వడానికి రాయలకు పెద్ద మనసు కావాలి. ఇద్దరి పేర్లు ఒకే రాతి మీద పక్కపక్కన నిలిచాయి.

సోహ్యోన్ ఇక్కడ గుర్తొస్తాడు. శత్రువు ఇంట ఎనిమిదేళ్లు ఉండి, అక్కడ మంచి చూసి, ఆ మంచిని ఇంటికి తెచ్చినందుకే తండ్రికి చేదయ్యాడు. గెలిచినవాడి పట్ల కొడుకు మనసులో మెత్తదనం పుడితే తండ్రి తట్టుకోలేకపోయాడు. వీరభద్రుడు తిరిగి ఇంటికి పోలేదు. పోయి ఉంటే ప్రతాపరుద్రుడు ఏమనేవాడో ఆ రాయి చూస్తే నాకు భయమేస్తుంది.

1519 నాటికి సంధి కుదిరింది. కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా రాయలు గజపతికి తిరిగిచ్చేశాడు. గజపతి కూతుర్ని ఇచ్చాడు. ఆమె పేరు కొందరు అన్నపూర్ణ అంటారు, కొందరు జగన్మోహిని, ఇంకొందరు తుక్కాంబ. మెట్టినింట ఆదరణ లేక కంభంలో ఒంటరిగా బతికిందనీ, అక్కడి పెద్దచెరువు ఆమెదేననీ జనం చెప్పుకుంటారు. కంభం మనకు దూరం కాదు. ఒంటరితనం మీద ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె పేర నిలిచి ఉన్నాయి. ఆమెకు వేరే భాగమే కేటాయించాలి, చెప్పుకుందాం.

అన్న పెళ్లిసుంకం తీసేసిన మూడేళ్లకు చెల్లెలి పెళ్లే ఒక రాజ్యానికి సుంకమైంది. ఉదయగిరి ఇచ్చి సాళువ నరసింహుడు విడుదలయ్యాడు. పిల్లనిచ్చి ప్రతాపరుద్రుడు సగం రాజ్యం విడిపించుకున్నాడు. మొదటి బేరంలో మా కొండ పోయింది, రెండో బేరంలో ఒక ఆడపిల్ల పోయింది.

ప్రతాపరుద్రుడు 1540 దాకా ఉన్నాడు. చైతన్యుడి పాదాల దగ్గర కూర్చున్న రాజుగా ఒడిశా ఆయన్ని తలుచుకుంటుంది. ఆయన పోయిన కొద్దికాలానికే మంత్రి గోవింద విద్యాధరుడు సింహాసనం మీదున్న కొడుకులు కలువాదేవుణ్ణీ కఖరువాదేవుణ్ణీ చంపించి తానే రాజయ్యాడు. కపిలేంద్రుడి వంశం కటకంలో ఆరిపోయింది. ఇంటి దగ్గర ఉన్న కొడుకులకు ఇంటి మనిషే అభయమివ్వలేదు.

పెదనాయన మళ్లీ కనబడ్డాడు మొన్న. మాఘమాసం ముహూర్తాలు. మనవరాలి శుభలేఖలు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. "రాస్తివా?" అన్నాడు. కథంతా చెప్పాను. కత్తి తిప్పిన ఘట్టం దగ్గర తలాడించాడు గానీ ఏమీ అనలేదు. సుంకం మాటకొచ్చేసరికి సంచి కింద పెట్టి, "పెళ్లికి పన్నా? ఎంతుండేది నాయనా?" అని అడిగాడు. సీమకో రేటు, కులానికో రేటు అన్నాను. "తీసేసింది ఆ పట్టుబడిన పిల్లోడేనా?" అన్నాడు. అవునన్నాను. ఒక శుభలేఖ తీసి అంచుకు పసుపు సరిచేసి నా చేతిలో పెట్టాడు.

ఆ ఏడు మలెబెన్నూరు సీమలో పందిరి వేసిన ఇంటి గుమ్మంలోకి సుంకరి రాలేదు.